గోల్స్ రావడం లేదా? వెనక వరస చూడండి: ఫుటీలో పరుగెత్తే డిఫెండర్‌ని ఎంచుకోవడం

శీతకాలంలో ఆదివారం పొద్దున మెల్‌బోర్న్ పడమటి శివార్లలో ఏ ఫుటీ (ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్) మైదానానికి వెళ్లినా ఈమధ్య తెలుగు వినిపిస్తోంది. టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్, వెరిబీ, ఎక్కడైనా అంతే. పిల్లల్ని చిన్నవాళ్లకు ఫుటీ నేర్పే ఆస్‌కిక్‌లో చేర్పించి, ఒకటి రెండేళ్లు నీళ్ల సీసాలు మోసి, తర్వాత గోల్ అంపైర్ జెండాలు పట్టుకుని, చివరికి అసిస్టెంట్ కోచ్‌గా తేలిన నాన్నలు నాకు చాలామంది తెలుసు. నేనూ అలా వచ్చినవాణ్ణే.

మా అండర్-14 జట్టు ఒక సీజన్‌లో వరసగా మూడు మ్యాచ్‌లు ఒకేలా ఓడిపోయింది. ముందు వరసలో మంచి పిల్లలున్నారు. కానీ బంతి వాళ్ల దగ్గరికి చేరేసరికి ఒక్కొక్కరి పక్కన ఇద్దరేసి ప్రత్యర్థులు కాచుకుని ఉండేవాళ్లు. ఫార్వర్డ్‌లను అటూ ఇటూ మార్చి చూశాం, ఏమీ తేడా రాలేదు. నాలుగో వారం హాఫ్‌బ్యాక్‌లో, అంటే డిఫెండర్లలో గోల్‌కి కాస్త దూరంగా ముందు నిలబడే చోట, ఒక్క పిల్లవాణ్ణి మార్చాం. ఆ ఫార్వర్డ్‌లే, అదే మైదానం, గోల్స్ పడ్డాయి. ఆ రోజు నుంచి నేను ఏ మ్యాచ్ చూసినా ముందు వెనక వరసనే చూస్తున్నాను.

వెనక ఎలాంటి ఆటగాణ్ణి నిలపాలో తేల్చుకోలేకపోతున్న క్లబ్ కోచ్‌ల కోసం, టీవీలో ఏఎఫ్ఎల్, అంటే ఫుటీ పెద్ద లీగ్, చూస్తూ ఫలానా జట్టుకు అంత సులువుగా గోల్స్ ఎలా వస్తున్నాయి అనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

దాడి వెనక నుంచి ఎందుకు మొదలవుతుంది

ఎంసీజీని మనవాళ్లు క్రికెట్‌లో చూసే ఉంటారు. ఫుటీకి కూడా అదే మైదానం. సుమారు 160 మీటర్ల పొడవు, 140 మీటర్ల వెడల్పు. ఒక్కో జట్టుకు 18 మంది. ఆఫ్‌సైడ్ అనే నియమమే లేదు కాబట్టి ఎవరు ఎక్కడికైనా పోవచ్చు. బాగా తన్నగలిగిన పెద్దవాడు బంతిని యాభై మీటర్లు పంపుతాడు. అంటే మన గోల్ దగ్గర నుంచి అవతలి గోల్ దాకా చేర్చాలంటే మూడు నాలుగు మంచి కిక్‌లు కావాలి. ఆ కిక్‌ల మధ్య మనం ఎంత ఆలస్యం చేస్తే అవతలివాళ్లు అంతమంది వెనక్కి పరుగెత్తి బంతికీ గోల్‌కీ మధ్య గోడ కడతారు.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. ప్రత్యర్థి మన మీదికి దాడికి వచ్చినప్పుడు వాళ్ల ఆటగాళ్లు చాలామంది ముందుకు వచ్చేసి ఉంటారు. వాళ్ల వెనక మైదానం ఖాళీ. సరిగ్గా ఆ క్షణంలో బంతి మన డిఫెండర్ చేతికి వస్తే ఆ ఖాళీ అంతా మనదే, కానీ కొద్ది సెకన్లే. ఆ సెకన్లను ఎలా వాడాలో తేల్చేది మిడ్‌ఫీల్డర్ కాదు, ఫార్వర్డ్ కాదు, బంతి ముందుగా అందుకున్న హాఫ్‌బ్యాక్. వాడు ఆగి, చూసి, లైన్ వెంబడి ఎత్తుగా తన్నేస్తే మన ఫార్వర్డ్ ముగ్గురి మధ్య ఎగరాల్సి వస్తుంది. వాడే మొదటి చూపులో ఖాళీని పట్టుకుంటే అదే ఫార్వర్డ్ ఒంటరి డిఫెండర్‌తో ఆడతాడు. మా మూడు ఓటముల్లో జరిగింది మొదటిది.

అందుకే నేను ఎవరికైనా మొదట చెప్పేది ఒకటే: డిఫెండర్‌ని ఎంచుకునే ముందు మీ ఫార్వర్డ్‌లు ఎలాంటివాళ్లో చూడండి. బంతి ఎలా వస్తే వాళ్లకు పనికొస్తుందో తెలియకుండా వెనక మనిషిని ఎంచడం నేల విడిచి సాము చేయడమే.

మోసుకెళ్లేవాడు

పరుగెత్తే డిఫెండర్ అనగానే అందరికీ కళ్ల ముందు మెదిలే బొమ్మ ఇదే. బంతి పట్టుకుని, ఇద్దరిని దాటి, నేలకు కొట్టి పట్టుకుంటూ మైదానం మధ్యలోకి దూసుకుపోతాడు. నియమం ప్రకారం 15 మీటర్లకు ఒకసారి బంతిని నేలకు కొట్టాలి లేదా నేలకు తాకించాలి. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది కాబట్టి పరుగులో అది తిరిగి చేతిలోకే వచ్చేలా కొట్టడం మామూలు విద్య కాదు. కార్ల్‌టన్ ఆటగాడు ఆడమ్ సాద్ దీనికి పేరుపడ్డాడు. 2015లో గోల్డ్ కోస్ట్‌తో మొదలుపెట్టి, ఎసెండన్ మీదుగా కార్ల్‌టన్‌కి వచ్చాడు. ఏ చొక్కా వేసుకున్నా అతని ఆట అదే.

మోసుకెళ్లేవాడి అసలు విలువ అతను దాటిన మీటర్లలో ఉందని నేను అనుకోను. అతను ఎదురుగా పరుగెత్తుకొస్తుంటే ప్రత్యర్థుల్లో ఒకడు తాను కాస్తున్న మనిషిని వదిలి ఇతని మీదికి రాక తప్పదు. రాకపోతే ఇతను ఇంకా ముందుకు పోతాడు. వచ్చాడా, వదిలిన మనిషి ఖాళీ. అక్కడ ఒక హ్యాండ్‌బాల్ (ఒక చేతిలోని బంతిని రెండో చేతి పిడికిలితో కొట్టి అందించడం) పడితే ఇప్పుడు ఇంకొకడు తన మనిషిని వదలాలి. ఇలా గోడలో ఒక్కో ఇటుక ఊడుతుంది.

2016లో వెస్టర్న్ బుల్‌డాగ్స్ ఆటను ఈ కంటితో మళ్లీ చూడండి. ల్యూక్ బెవరిడ్జ్ కోచ్‌గా ఉన్న ఆ జట్టు పట్టికలో ఏడో స్థానంలో ముగించి, అక్కడి నుంచి ప్రీమియర్‌షిప్, అంటే ఆ ఏడాది టైటిల్, గెలిచింది. 1954 తర్వాత వాళ్లకు అదే మొదటిది. గ్రాండ్ ఫైనల్‌లో సిడ్నీ మీద 89-67. ఆ రోజు ఉత్తమ ఆటగాడికి ఇచ్చే నార్మ్ స్మిత్ పతకం హాఫ్‌బ్యాక్ నుంచి పరుగులు తీసిన జేసన్ జొహానిసెన్‌కి వచ్చింది. అతని చుట్టూ బంతిని చేతి నుంచి చేతికి వేగంగా అందించే ఆటగాళ్లు ఉండటం వల్లే ఆ పరుగుకు అంత ఫలం దక్కింది. ఇది మరిచిపోయి ఒంటరి పరుగువీరుణ్ణి వెనక నిలిపితే అతను ముప్పై మీటర్లు పరుగెత్తి, ఊపిరి అందక, కంగారులో తన్నేస్తాడు. మా జట్టులో ఒక ఏడాది అచ్చం ఇలాగే జరిగింది. ఆ పిల్లవాడు జిల్లా స్థాయిలో పరుగు పందేలు గెలిచేవాడు, అతని పక్కన మాత్రం ఎవరూ పరుగెత్తేవాళ్లు కాదు.

ఈ రకం కొత్తదేమీ కాదు. 1993లో ఎసెండన్ తరఫున ఎక్కువగా బ్యాక్ పాకెట్ నుంచి ఆడిన గావిన్ వాంగనీన్, సీజన్ ఉత్తమ ఆటగాడిగా అంపైర్లు ఓట్లేసి ఎంచే బ్రౌన్‌లో పతకం గెలిచాడు. ఆ పతకం అందుకున్న మొదటి ఆదివాసీ ఆటగాడు అతనే. మిడ్‌ఫీల్డర్లకే ఎక్కువగా వచ్చే ఆ పతకం వెనక మూలన ఆడే మనిషికి రావడం అంటే అంపైర్ల కళ్లు కూడా అతని పరుగును తప్పించుకోలేకపోయాయన్నమాట. అడిలైడ్ ఆటగాడు ఆండ్రూ మెక్లియోడ్ 1997, 1998 గ్రాండ్ ఫైనల్స్ రెండింటిలోనూ నార్మ్ స్మిత్ పతకం గెలిచాడు. వెనక నుంచి ఆట నడపడం ఎలాగో నేర్చుకోవాలనే పిల్లలకు నేను ముందు చూపించేది అతని వీడియోలే. అతని పరుగులో తొందర కనిపించదు. ఎప్పుడు వేగం పెంచాలో అతనికి తెలుసు.

ఎప్పుడు ఈ రకాన్ని ఎంచుకోవాలి? మీ ఫార్వర్డ్‌లు పొట్టిగా, చురుగ్గా ఉండి, నేల మీద పడ్డ బంతిని ఏరుకుని గోల్ కొట్టేవాళ్లయితే మోసుకెళ్లేవాడు మీకు బాగా పనికొస్తాడు. వాడి పరుగు అవతలి డిఫెండర్లను ముందుకు లాగుతుంది, వాళ్ల వెనక ఖాళీ పుడుతుంది, ఆ ఖాళీలో బంతి పడేస్తే పొట్టివాళ్లు చూసుకుంటారు. ఎత్తైన ఫార్వర్డ్ మీద ఆధారపడ్డ జట్టుకు మాత్రం ఇది అంతగా నప్పదు. ఎత్తైనవాడు ఒక్కసారి లీడ్ చేసి ఖాళీలోకి వస్తాడు. ఆ క్షణంలో బంతి రాకపోతే వాడు మళ్లీ వెనక్కి వెళ్లి మొదలుపెట్టాలి. మోసుకెళ్లేవాడు బంతిని నేలకు కొట్టుకుంటూ ఉండగా ఆ క్షణం దాటిపోతుంది.

కాలితో పంచేవాడు

పరుగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్లు తాగడం మేలు అనేది మా నాయనమ్మ. ఫుటీలో ఊరికే నిలబడితే నీళ్లు కూడా దొరకవు గానీ, ఆ మాటలో ఒక నిజం ఉంది. మనిషి ఎంత వేగంగా పరుగెత్తినా కాలితో తన్నిన బంతి అంతకన్నా వేగంగా పోతుంది.

పంచేవాడి పని చూడటానికి అంత గొప్పగా ఉండదు. మార్క్ పట్టుకున్నాక, లేదా హ్యాండ్‌బాల్ అందుకున్నాక, రెండు అడుగులు పక్కకు జరిగి నలభై మీటర్ల అవతల ఉన్న మనిషి ఛాతీ ఎత్తులో బంతి పెడతాడు. కిక్ కనీసం 15 మీటర్లు పోతే, దాన్ని నేలను తాకకముందే పట్టుకున్నవాడికి మార్క్ దక్కుతుంది. అంటే ఎవరూ మీద పడకుండా నెమ్మదిగా మళ్లీ చూసుకునే హక్కు. అందువల్ల మంచి కిక్ ఒకేసారి రెండు పనులు చేస్తుంది: దూరం కలిసొస్తుంది, తర్వాతి మనిషికి సమయం కూడా దొరుకుతుంది. చెడ్డ కిక్ కూడా రెండు పనులు చేస్తుంది, రెండూ మనకు నష్టమే.

హాథార్న్ 2013, 2014, 2015లో వరసగా మూడు ప్రీమియర్‌షిప్‌లు గెలిచినప్పుడు దాని గుండెకాయ ఈ కిక్కింగే. ఆలస్టర్ క్లార్క్‌సన్ జట్టులో వెనక వరసలో ల్యూక్ హాడ్జ్, గ్రాంట్ బిర్చల్, మ్యాట్ సక్లింగ్ ఉండేవాళ్లు. ముగ్గురూ ఎడమకాలివాళ్లు. ఇది కాకతాళీయం అనుకోకండి. కుడికాలితో తన్నేవాడు మార్క్ పట్టిన చోటు నుంచి సహజంగా తన కుడివైపుకు జరుగుతాడు, ఎడమకాలివాడు ఎడమవైపుకు. మైదానం కుడి అంచున ఎడమకాలివాణ్ణి పెడితే అతను జరిగే ప్రతిసారీ మైదానం మధ్య భాగం, అంటే కారిడార్, అతని ముందు తెరుచుకుంటుంది. కుడికాలివాడు అదే చోట ఉంటే బౌండరీ లైన్ వైపు జరుగుతాడు, లైన్ వెంబడే తన్నాల్సి వస్తుంది. ఎడమ అంచున ఇది తారుమారు అవుతుంది. మీ జట్టులో ఒక్క ఎడమకాలి పిల్లవాడు ఉన్నా అతణ్ణి కుడి హాఫ్‌బ్యాక్‌లో నాలుగు వారాలు ఆడించి చూడండి. మా జట్టు గీత మారింది ఆ ఒక్క మార్పుతోనే. మేం తెచ్చిన పిల్లవాడు వేగంలో జట్టులో పదో స్థానంలో ఉంటాడేమో, కానీ ఎడమకాలు బంగారం.

శరీరం పెద్దదిగా ఉండాలన్న భయం అక్కర్లేదు. వెస్టర్న్ బుల్‌డాగ్స్‌లో పేరు తెచ్చుకున్న కేలబ్ డేనియల్ ఎత్తు 168 సెంటీమీటర్లు. తలకు హెల్మెట్ పెట్టుకుని ఆడే ఆ చిన్న మనిషి వెనక నుంచి చాకుతో కోసినట్టు బంతిని పంచేవాడు. మరోవైపు వెస్ట్ కోస్ట్ మాజీ కెప్టెన్ షానన్ హర్న్ బరువైన కిక్‌తో ఒక్క దెబ్బలో ప్రత్యర్థి జోన్‌ని దాటించేవాడు. ఇద్దరూ పంచేవాళ్లే అయినా డేనియల్ సందుల్లోంచి పంపుతాడు, హర్న్ పైనుంచి దాటించేవాడు. మీ పిల్లవాడు ఏ రకమో తెలుసుకుని దానికి తగ్గట్టు ఎదురుగా మనుషులను నిలపాలి.

ఇక్కడ నియమాల సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈమధ్య మార్పులన్నీ పంచేవాడికి అనుకూలంగా వచ్చాయి. 2019 నుంచి బిహైండ్ (గోల్ తప్పి పక్క కర్రల మధ్య నుంచి పోయే బంతి; గోల్‌కి ఆరు పాయింట్లయితే దీనికి ఒకటే) తర్వాత కిక్-ఇన్, అంటే గోల్ దగ్గర నుంచి ఆటను మళ్లీ మొదలుపెట్టే కిక్, తీసుకునేవాడు ముందు తనకు తానే తన్నుకోనక్కర్లేదు, నేరుగా గోల్ స్క్వేర్ నుంచి పరుగెత్తుకుంటూ బయటకు రావచ్చు. కిక్-ఇన్‌కి ఎదురుగా మార్క్ మీద, అంటే అంతకు మించి ముందుకు రాకూడని చోట, నిలబడే ప్రత్యర్థిని ఆ ఏడాదే వెనక్కి నెట్టారు, 2021లో ఇంకా వెనక్కి, 15 మీటర్ల దూరానికి. అదే 2021లో మార్క్ మీద నిలబడ్డవాడు, అంపైర్ ప్లే ఆన్ (ఆట సాగించండి) అనేదాకా, పక్కలకు కదలకూడదనే నియమం వచ్చింది. కదలని మనిషి పక్కనుంచి కారిడార్‌లోకి తన్నడం ఇప్పుడు చాలా తేలిక.

కిక్-ఇన్ విలువ ఎంతో 2008 గ్రాండ్ ఫైనల్ చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆ రోజు హాథార్న్ డిఫెండర్లు ఒత్తిడి వచ్చినప్పుడల్లా బంతిని తమ గోల్ లైన్ దాటించి కావాలనే బిహైండ్ ఇచ్చేశారు, పదకొండు సార్లు. ఒక పాయింటు పోయినా బంతి తమ చేతికి వస్తుంది, తాపీగా వెనక నుంచి మొదలుపెట్టొచ్చు అన్నది వాళ్ల లెక్క. జీలాంగ్‌కి 11 గోల్స్, 23 బిహైండ్‌లు వచ్చాయి. హాథార్న్‌కి 18 గోల్స్, 7 బిహైండ్‌లు. 115-89తో హాథార్న్ గెలిచింది. మరుసటి ఏడాదే కావాలని బిహైండ్ ఇస్తే ఫ్రీ కిక్ అని నియమం తెచ్చారు. హాడ్జ్‌కి ఆ రోజు నార్మ్ స్మిత్ పతకం వచ్చింది, ఆడింది హాఫ్‌బ్యాక్‌లో.

గాల్లో అడ్డుకునేవాడు

ఇతను పరుగెత్తే డిఫెండర్ కాదు కదా అని మీరు అనొచ్చు. నిజమే. అయితే ఇతను లేకుండా పరుగెత్తేవాళ్లు ఉండలేరు. ప్రత్యర్థి తన్నిన బంతిని పిడికిలితో కొట్టి పడేసే డిఫెండర్‌కీ, చేతులతో పట్టుకునే డిఫెండర్‌కీ చాలా తేడా ఉంది. పడేస్తే బంతి కోసం మళ్లీ కుమ్ములాట. పట్టుకుంటే ఆ క్షణం నుంచే దాడి మొదలు, పైగా మిగతా డిఫెండర్లు వాడు పడతాడన్న నమ్మకంతో బంతి గాల్లో ఉండగానే ముందుకు పరుగు మొదలుపెట్టేస్తారు. ఆ రెండు సెకన్ల ముందస్తు పరుగే తేడా తెస్తుంది.

2018 గ్రాండ్ ఫైనల్ చివరి ఘట్టం దీనికి నాకు తెలిసిన అందమైన ఉదాహరణ. కాలింగ్‌వుడ్ ముందుంది. ఇంకో రెండు నిమిషాల ఆట ఉంది. కాలింగ్‌వుడ్ తన్నిన బంతిని వెస్ట్ కోస్ట్ డిఫెండర్ జెరెమీ మెక్‌గవర్న్ గాల్లో పట్టుకున్నాడు. అక్కడి నుంచి నేథన్ వార్డీకి, వార్డీ నుంచి లియమ్ రయన్‌కి, రయన్ నుంచి డామ్ షీడ్‌కి. ఒక్కొక్కరూ మార్క్ పట్టారు, బంతి నేలను తాకలేదు. షీడ్ బౌండరీ దగ్గర ఇరుకు కోణం నుంచి గోల్ కొట్టాడు. 79-74. నాలుగు మార్క్‌లు, ఒక గోల్, ఒక ప్రీమియర్‌షిప్. అందరూ షీడ్ కిక్ గురించి మాట్లాడతారు. నేను మాత్రం మెక్‌గవర్న్ ఆ బంతిని పిడికిలితో కొట్టలేదన్న సంగతి దగ్గరే ఆగిపోతాను.

జీలాంగ్‌లో టామ్ స్టూవర్ట్, కాలింగ్‌వుడ్‌లో డార్సీ మూర్ ఈ పని చేసేవాళ్లే. మీ దగ్గర ఇలాంటివాడు ఒకడుంటే మిగతా ఎంపికలన్నీ సులువైపోతాయి, పక్కన పంచేవాడినైనా మోసేవాడినైనా ధైర్యంగా పెట్టుకోవచ్చు. లేకపోతే ఇద్దరు పరుగువీరులను వెనక పెట్టడం మానుకోండి.

మిడ్‌ఫీల్డర్‌ని వెనక్కి తెస్తే

ఏఎఫ్ఎల్ కోచ్‌లకు ఈమధ్య ఇష్టమైన పద్ధతి ఇది. నిక్ డైకోస్ 2022లో కాలింగ్‌వుడ్‌లో హాఫ్‌బ్యాక్‌గానే మొదలుపెట్టి ఆ ఏడాది ఉత్తమ యువ ఆటగాడిగా రైజింగ్ స్టార్ అయ్యాడు, తర్వాతే మధ్యలోకి వెళ్లాడు. బ్రిస్బేన్‌లో దీనికి తిరగేసిన కథ జరిగింది. ఏళ్లపాటు మధ్యలోనూ ముందూ ఆడిన మాజీ కెప్టెన్ డేన్ జోర్కోని 2024లో హాఫ్‌బ్యాక్‌కి తెచ్చారు. 35 ఏళ్ల వయసులో అతనికి మొదటి ప్రీమియర్‌షిప్ అక్కడి నుంచే వచ్చింది. మహిళల లీగ్‌లో నార్త్ మెల్‌బోర్న్ మాజీ కెప్టెన్ ఎమా కియర్నీ కూడా మధ్యలో పేరు తెచ్చుకున్నాకే హాఫ్‌బ్యాక్‌కి మారింది. అక్కడ జట్టుకు 16 మందే కాబట్టి ఖాళీ ఎక్కువ, ఆటను ముందుగా చదివే మనిషికి ఇంకా ఎక్కువ విలువ.

ఇందులో లాభం స్పష్టంగానే ఉంది. మధ్యలో ఉన్నవాడికి నాలుగు వైపుల నుంచీ మనుషులు మీద పడతారు. వెనక ఉన్నవాడికి ఆట మొత్తం ఎదురుగా కనిపిస్తుంది. నష్టం కూడా స్పష్టమే: మధ్యలో ఒక మంచి చెయ్యి తగ్గుతుంది. కుమ్ములాటలో బంతి మనకు రాకపోతే వెనక ఎంత గొప్పవాడున్నా రోజంతా రక్షణతోనే సరిపోతుంది.

స్థానిక పిల్లల జట్లలో మాత్రం దీనికి పూర్తిగా ఉల్టా జరుగుతోంది, నాకు బాధ కలిగించే విషయం కూడా ఇదే. కొత్తగా వచ్చినవాణ్ణి, కిక్ సరిగ్గా రానివాణ్ణి బ్యాక్ పాకెట్‌లో పెట్టేస్తారు. మన పిల్లలు చాలామంది ఆలస్యంగా ఈ ఆటలోకి వస్తారు కాబట్టి ఆ మూలన నిలబడి, బంతి రాగానే టెన్షన్‌తో ఎటో తన్నేసి, తిట్లు తింటారు. కొత్తవాళ్లు వెనక ఆడటం తప్పు కాదు. ఆట ఎదురుగా కనిపించడం వాళ్లకు మంచిదే. గేలిక్ ఫుట్‌బాల్ నుంచి వచ్చిన ఐరిష్ ఆటగాళ్లు టైగ్ కెనెలీ, జాక్ టూహీ లాంటివాళ్లు ఇక్కడ వెనక వరసలోనే స్థిరపడి ప్రీమియర్‌షిప్‌లు గెలిచారు, కెనెలీ 2005లో సిడ్నీతో, టూహీ 2022లో జీలాంగ్‌తో. కానీ వాళ్లను అక్కడ దాచిపెట్టలేదు, నేర్పించి ఆడించారు. కొత్త పిల్లవాణ్ణి వెనక పెడితే పక్కన పంచగలిగినవాణ్ణి పెట్టి, "బంతి దొరగ్గానే వాడికి హ్యాండ్‌బాల్ చెయ్యి నాన్నా, తర్వాత వాడి పక్కనే పరుగెత్తు" అని ఒక్క పని అప్పగించండి. చాలు.

వెనక ఖాళీ చేసిన చోటు

కబడ్డీ ఆడినవాళ్లకు దీన్ని వివరించడం తేలిక. కూతకు వెళ్లినవాడు ఎంతమందిని తాకినా తిరిగి గీత దాటకపోతే లెక్కలోకి రాదు. పరుగెత్తే డిఫెండర్‌కీ ఒక గీత ఉంది. అతను ముందుకు వెళ్లాక బంతి పోతే, అతను కాయాల్సిన ఫార్వర్డ్ గోల్ దగ్గర ఒంటరిగా ఉంటాడు. కారిడార్‌లో బంతి పోగొట్టుకోవడం అన్నిటికన్నా ప్రమాదం, ఎందుకంటే అక్కడి నుంచి గోల్ ఎదురుగానే ఉంటుంది. బౌండరీ పక్కన పోతే కనీసం కోణం కష్టంగా ఉంటుంది, మనకు తిరిగి రావడానికి సమయం దొరుకుతుంది.

అందుకే ఒకే వైపు ఇద్దరు పరుగెత్తేవాళ్లను పెట్టకూడదు. ఒకడు వెళ్తే పక్కవాడు ఆగాలి, అదీ మాటతో కాదు, ముందే కుదుర్చుకున్న అలవాటుతో. ఇంకొకటి. మీ హాఫ్‌బ్యాక్ రెండు మ్యాచ్‌లు బాగా ఆడితే మూడో మ్యాచ్‌లో ప్రత్యర్థి కోచ్ అతని మీదికి గోల్స్‌తో సంబంధం లేని ఒక ఫార్వర్డ్‌ని పంపుతాడు, ఆ పిల్లవాడి పనల్లా వీణ్ణి బంతి ముట్టుకోనివ్వకపోవడమే. అప్పుడు మోసుకెళ్లేవాడు ఎక్కువ ఇబ్బంది పడతాడు. పంచేవాణ్ణి కిక్-ఇన్‌లకు పంపి, లేదా కాసేపు వింగ్‌కి మార్చి, ఆ కాపలా నుంచి తప్పించవచ్చు.

వాన పడితే లెక్కలు మారతాయి. తడి బంతిని పరుగులో నేలకు కొట్టడం జూదం. నలభై మీటర్ల పదునైన కిక్ కూడా చేతుల్లోంచి జారుతుంది. అలాంటి రోజు వెనక వరసలో నాకు కావలసింది నేల మీది బంతిని ఒకే పట్టులో ఎత్తుకునేవాడు, ముందుకు దూరంగా తన్నేవాడు. జీలాంగ్‌లోని కార్డీనియా పార్క్ లాంటి సన్నటి మైదానంలో కూడా స్విచ్‌కి, అంటే ఒక అంచు నుంచి ఇంకో అంచుకు బంతి మార్చడానికి, చోటు తక్కువ కాబట్టి పంచేవాడి విలువ కొంత తగ్గి, గాల్లో పట్టేవాడి విలువ పెరుగుతుంది.

ప్రాక్టీస్‌లో ఎలా గుర్తించాలి

స్టాప్‌వాచ్ పక్కన పెట్టండి. ఇరవై మీటర్ల పరుగు పందెం పెట్టి హాఫ్‌బ్యాక్‌ని ఎంచే కోచ్‌లను చూశాను, నేనూ ఒకప్పుడు అదే చేశాను. ఇప్పుడు చూసేవి వేరు. బంతి చేతికి వచ్చాక పిల్లవాడి తల ఎటు తిరిగింది? కిందికి, బంతి వైపు చూస్తున్నాడా, పైకి లేచి మైదానం మధ్యకు చూస్తున్నాడా? ఇది నేర్పితే వస్తుంది, కానీ కొందరికి పుట్టుకతోనే ఉంటుంది, అలాంటివాణ్ణి వెంటనే పట్టుకోండి. తర్వాత, ఒత్తిడిలో రెండో కాలితో తన్నగలడా? బాగా తన్నక్కర్లేదు, ఇరవై మీటర్లు తిన్నగా పోతే చాలు. లేకపోతే ప్రత్యర్థి అతణ్ణి ఒకే వైపుకు నెట్టేస్తాడు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. మన దాడి విఫలమై బంతి పోయిన వెంటనే అతను ఏం చేస్తాడు? చేతులు నడుముకు ఆనించి నిలబడతాడా, తిరిగి పరుగెత్తుతాడా? ప్రాక్టీస్‌లో ఆరుగురు దాడి, ఐదుగురు రక్షణ పెట్టి, బంతి దొరకగానే అవతలి గోల్ వైపు ఆడించండి. మధ్యలో విజిల్ వేసి బంతిని ప్రత్యర్థికి ఇచ్చేయండి. ఎవరు మొదట వెనక్కి తిరుగుతారో పది నిమిషాల్లో తేలిపోతుంది.

ఒక్కణ్ణే ఎంచుకోవాల్సి వస్తే నేను పంచేవాణ్ణే ఎంచుకుంటాను, ముందు వరసలో ఎత్తైనవాళ్లున్నా పొట్టివాళ్లున్నా సరే. మంచి కిక్ ఎవరికైనా పనికొస్తుంది, మంచి పరుగు కొందరికే. ఇద్దరికి చోటుంటే రెండోవాడు మోసుకెళ్లేవాడు, అదీ మైదానం రెండో వైపున. పంచేవాడు స్విచ్ చేసిన బంతి అటువైపు అందేసరికి అక్కడ ఖాళీ ఉంటుంది, పరుగుకు పని దొరుకుతుంది. మూడోవాడు మధ్యలో, చేతులతో పట్టేవాడు. అండర్-12 లోపు పిల్లలకు మాత్రం ఈ సలహా వర్తించదు. ఆ వయసులో కాళ్లలో అంత బలం ఉండదు, నలభై మీటర్ల కిక్ ఎవరూ తన్నలేరు. అక్కడ అందరినీ అన్ని చోట్లా ఆడించండి, పరుగెత్తాలనుకునేవాణ్ణి పరుగెత్తనివ్వండి.

మా ఎడమకాలి పిల్లవాడు ఈ సీజన్ అండర్-16కి వెళ్తున్నాడు. కుడి హాఫ్‌బ్యాక్‌లోనే. అవతలి అంచున, ఒకప్పుడు ఒంటరిగా పరుగెత్తి అలిసిపోయిన ఆ పరుగుపందేల పిల్లవాడు ఉంటాడు. గురువారం ప్రాక్టీస్‌లో వాళ్లిద్దరూ ఇంకా లైట్లు వెలగకముందే వచ్చి, మైదానం ఈ అంచు నుంచి ఆ అంచుకు బంతి తన్నుకుంటూ ఉంటారు.